ట్యాపెట్ కవరు కింద అట్టముక్క

శనివారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలు. టైము ఇంత కచ్చితంగా ఎలా చెప్తున్నానంటే, సరిగ్గా అప్పుడే తల ఎత్తి షెడ్డు గోడ మీది గడియారం చూశాను. టైముతో నాకేం పని లేదు. చేతిలో ఉన్నదాన్ని చూడలేక తల ఎత్తాను, అంతే. చేతిలో ఉన్నది ఒక పాత కారు ట్యాపెట్ కవరు. ఇంజను నెత్తిన బోర్లించినట్టు ఉండే రేకు మూత అది. ఆ మూతకీ ఇంజనుకీ మధ్య, ఆయిలు బయటికి కారకుండా, కార్కు ప్యాకింగు ఒకటి ఉంటుంది. ఆ కార్కును ఊడదీశాను. దాని కింద, రేకుకు కరుచుకొని, బొటనవేలంత వెడల్పున అట్టపట్టీ కనిపించింది. పట్టీ మీద పెన్సిల్ రాత.

ఆ అట్టను కోసి అక్కడ అతికించింది నేనే, పాతికేళ్ల వయసులో. ఆ రాత నా భార్య రూతుది. నన్ను ఒక మాట అడుగుతూ రాసింది. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. చదవకుండానే దాన్ని కోశాను. చదవకుండానే ఆ సాయంత్రం జవాబు కూడా చెప్పాను. ఆమె ఏమడిగిందో నాకు ఈ శనివారం తెలిసింది. రూతు పోయి పదమూడు నెలలు.

బండి వాకాడు పెద్దరెడ్డి గారిది. ఆయన ఎప్పుడో పోయాడు. ఆయన కూతురు సుజాతమ్మ గారు దాన్ని చిన్న లారీ మీద ఎక్కించుకొని, అడుగుతూ అడుగుతూ ముత్తుకూరు రోడ్డులో మా షెడ్డు పట్టుకుంది. షెడ్డు ఇప్పుడు నా అల్లుడు బాబుది. నేను పొద్దున వచ్చి కుర్చీలో కూర్చుంటాను, పోర్టు లారీల దుమ్ము తింటాను, బాబు చేసే పనికి వంకలు పెడతాను. అదే నా ఉద్యోగం.

"మేస్త్రీ, గుర్తు పట్టినావా?" అంది ఆమె లారీ దిగుతూనే.

"మిమ్మల్ని పట్టలేదమ్మా. బండిని పట్టినా."

"అంతేలే! మనుషులు ముసలోళ్లయితే ఎవురికి కావాల," అని నవ్వింది. "వడ్ల గోదాము ఖాళీ చేస్తే దీని మీద నుంచి ముప్ఫై గోతాలు తీసినారు. మా తమ్ముడు పాతినుప సామానోడికి ఇచ్చేస్తానన్నాడు. నాయన పక్కన కూర్చొని బడికి పోయిన బండి, నేనియ్యలా. వాకాడులో ఒకడు స్టార్టు చేసినాడు గానీ ఒకటే పొగ."

బాబు బ్యాటరీ తగిలించి తిప్పాడు. ఇంజను దగ్గింది, ఊగింది, పట్టుకుంది. కాసేపటికే కవరు అంచు నుంచి ఆయిలు సన్నగా దిగి, కింద కాలుతున్న సైలెన్సరు గొట్టం మీద పడి, నీలంగా పొగ లేచింది. ఆ కమురు వాసన ముక్కుకు తగలగానే నాకు పని నేర్పిన ఖాదర్ మేస్త్రీ షెడ్డు, కిరసనాయిలు, ఆయన నమిలే తమలపాకు అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి.

"మామా, ట్యాపెట్ కవరు కాడ కారతాండాది. నట్లు బిగించేదా?" అన్నాడు బాబు.

"బిగించినావంటే చెయ్యి ఇరగ్గొడతా."

లారీ తోలుకొచ్చిన మస్తాన్ నవ్వాడు. "ఏంది పెద్దాయనా, అల్లుడని కూడా చూడవా?"

"అల్లుడు కాబట్టే చెయ్యి. ఇంకోడైతే తల."

కారుతుంటే బిగించడం పని రానివాడు చేసే మొదటి పని. ఆ కవరుకు పైన రెండే నట్లు. బిగించిన కొద్దీ రేకు మధ్యలో వంగి అంచులు లేస్తాయి. కార్కు నలిగి పగులుతుంది. అంతకు ముందు చుక్కలుగా కారింది తర్వాత ధార కడుతుంది. అది వాడికి చెప్తూ నేనే లేచి, కవరు విప్పి, బల్ల మీద పెట్టి, కార్కు ఊడదీశాను. అలా దొరికింది అట్ట.

ఖాదర్ మేస్త్రీ షెడ్డు వాకాడులో బస్సుల రోడ్డు పక్కన, తాటాకు కప్పు కింద ఉండేది. నాకు తెలిసిన పనంతా ఆయన దగ్గర నేర్చుకున్నదే. ఆయన ఇంజనును చూసేవాడు కాదు, వినేవాడు. పెద్ద స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకొని, కళ్లు మూసుకొని, వాయిద్యం వింటున్నట్టు నిలబడేవాడు. పక్కన ఎవరు మాట్లాడినా ఎడమ చెయ్యి ఎత్తేవాడు, అంటే గమ్మునుండమని. పొద్దున షెడ్డు ముందు నీళ్లు చల్లి, సాంబ్రాణి పొగ వేసి, మొదటి టీ తాగితే గానీ రెంచీ ముట్టేవాడు కాదు. ఆయనకు ఇంకో అలవాటుంది. ఏ అట్టనూ పారేసేవాడు కాదు. శుభలేఖలు, చెప్పుల డబ్బాల మూతలు, పాత క్యాలెండర్ల అట్టలు, అన్నీ మంచం పరుపు కింద. నెల్లూరు నుంచి ప్యాకింగు రావాలంటే రెండు రోజులు పట్టే కాలం. అందుకని అట్టను కత్తెరతో కోసి, అంచుల మీద చిన్న సుత్తితో తట్టి, ఆయిలుకు ఊడకుండా అతుక్కునే లక్క మందు పూసి పెట్టేవాళ్లం. ఊళ్లో పెళ్లికి మేం పోయినా పోకపోయినా దాని శుభలేఖ మాత్రం ఏదో ఒక ఇంజనులోకి పోయేది. అట్ట కనిపిస్తే దాని మీద ఏముందో చూడకుండా, మందం ఎంతుందో వేళ్లతో నలిపి చూడడం నాకు అక్కడే అబ్బింది. నాకు మందం తప్ప చూసేందుకు ఇంకేమీ లేదు కూడా.

రూతు ఎనిమిదో తరగతి దాకా చదివింది. పెళ్లి మాటలప్పుడు మా పెద్దమ్మ "మావాడికి చదువొచ్చు" అని ఒక మాట వేసింది. నేను కాదనలేదు. ఆ కాలంలో మగవాడికి చదువు రాదంటే సిగ్గు, అబద్ధం చెప్తే సిగ్గు లేదు. చొక్కా జేబులో పెన్ను పెట్టుకొని తిరిగేవాణ్ణి. అంకెలు వచ్చు, రెంచీల మీద ఉంటాయి కాబట్టి. మా యేసు గుడిలో పాటల పుస్తకం నంబరు చూసి తెరిచేవాణ్ణి, పాట కంఠతా వచ్చు కాబట్టి పాడేవాణ్ణి. ఇంట్లోకి కావలసినవి రూతు చీటీ మీద రాసిచ్చేది. సబ్బు, కిరసనాయిలు, కందిపప్పు. నేను తీసుకుపోయి కొట్లో శెట్టి చేతికిచ్చేవాణ్ణి, ఆయన చదువుకొని కట్టిచ్చేవాడు. ఇలా ఏళ్లు గడిచినా పట్టుబడలేదు. గొప్పగా ఉండేది నాకు.

మా ఇల్లు గుడి వెనక సందులో ఒంటి గది. రూతు తెల్లవారక ముందే లేచి, ముందు నా పని బట్టలు సోడాలో నానేసేది. ఆ బట్టల జిడ్డుకు ఆమె చేతులు ఎప్పుడూ మొరటుగా ఉండేవి. ముందురోజు సాయంత్రం చేసిన చేపల పులుసు మట్టి దాకలో అలాగే ఉంచి, మర్నాడు అన్నం మాత్రం వండేది. పులుసు మర్నాటికే రుచి అని ఆమె సిద్ధాంతం. మధ్యాహ్నం పాలు పోసే చెంచమ్మ షెడ్డు వైపు వస్తుంది కాబట్టి ఆమె చేతికి క్యారియరు ఇచ్చి పంపేది. రంపపు పొట్టుతో, కిరసనాయిలుతో ఎంత తోముకున్నా నా వేళ్ల వాసన పోయేది కాదు. ఆ వాసనతోనే మామిడికాయ పులుపు కలిసిపోయేది. ఇప్పటికీ చేపల పులుసులో రవ్వంత కిరసనాయిలు వాసన లేకపోతే నాకు వెలితిగానే ఉంటుంది.

ఆ రోజు బుధవారం. ఖాదర్ మేస్త్రీ సామాన్ల కోసం నెల్లూరు పోయాడు. షెడ్డులో నేను ఒక్కణ్ణే. పెద్దరెడ్డి గారు బండి తెచ్చి, చేతులు వెనక కట్టుకొని నిలబడ్డాడు. అదే కవరు, అదే పొగ.

"సాయంత్రం కోట ఊళ్లో పెళ్లికి పోవాల్రా దానియేలూ. మీ మేస్త్రీ లేడంటే ఎట్టా?"

"నేనుండా కదా సామీ."

విప్పి చూస్తే కార్కు ఎండి కుదించుకుపోయి ఉంది. ఎవరో బలంగా బిగించి కవరు అంచు వంచేశారు. కొత్త కార్కు లేదు. మేస్త్రీ ఉంటే వంగిన అంచును చదును చేయించి ఉండేవాడు, ఇంకా ఏమేమి చూడమనేవాడో. నాకు అంత ఓపిక లేదు. మెప్పు కావాలి. పల్లంగా ఉన్నచోట కార్కు కింద ఎత్తు పెడితే చాలనుకున్నాను. సరిగ్గా అప్పుడు చెంచమ్మ క్యారియరు తెచ్చింది.

"అబ్బయ్యా, రూతమ్మ పైన చీటీ పెట్టింది. మరిచిపోకుండా చూడమనింది."

"సరేలే, ఆడ పెట్టు."

క్యారియరు మూత మీద, కొక్కెం కింద దూర్చి ఉంది. ఎప్పుడూ పెట్టే పల్చటి కాగితం కాదు. క్యాలెండరు అట్ట నుంచి కత్తిరించిన పొడుగాటి ముక్క. ఇంట్లో కాగితం అయిపోయి ఉంటుందని కూడా నాకు తోచలేదు. వేళ్లతో నలిపి చూశాను. మంచి మందం. పొడవు కూడా కావలసినంత. ఈ అట్ట భలే టైముకు వచ్చిందనుకున్నాను, దేవుడే పంపాడనుకున్నాను. మూడు పట్టీలుగా కోశాను. పై పట్టీ, కింది పట్టీ ఒకదాని చివర ఒకటి పెట్టి, లక్క మందు పూసి, రేకుకు అంటించి, వాటి మీద కార్కు కూర్చోబెట్టాను. మధ్య పట్టీ అవసరం లేకపోయింది. దాంతో చేతులకంటిన లక్క గీకి, అవతల పారేశాను.

ఇంజను తిరిగింది. పొగ లేదు. పెద్దరెడ్డి గారు నా వీపు మీద చరిచి, "మీ మేస్త్రీ కంటే నువ్వే నయం రా" అన్నాడు. ఆ మాటకు పొంగిపోయి, బండిని ఇంకా రయ్యిమనిపిస్తూ నిలబడ్డాను. మూడు గంటల నెల్లూరు బస్సు మా ముందు నుంచే పోయింది. నేను చెయ్యి కూడా ఊపాను, డ్రైవరు తెలిసినవాడని.

సాయంత్రం ఇంటికి పోతే రూతు ఆదివారం చీర కట్టుకొని ఉంది. బుధవారం నాడు. తల నున్నగా దువ్వుకుంది. నేను చూశాను, ఎందుకని అడగలేదు. కాళ్లు కడుక్కుంటుంటే తువ్వాలు ఇస్తూ అడిగింది.

"చీటీ చూసినావా అయ్యా?"

"చూసినా."

"చదివినావా?"

"చదవకుండా ఎట్టా చూస్తారు?" అన్నాను. కోపం తెచ్చుకుంటే ఇంకేమీ అడగరని నాకు తెలుసు.

"ఏమంటావు మరి?"

సబ్బో, జాకెట్టు గుడ్డో అడిగి ఉంటుందనుకున్నాను. "ఇప్పుడెందుకులే అయ్యన్నీ. ఉన్నదాంతో సర్దుకో," అన్నాను.

"సరే," అంది. లోపలికి పోయి చీర మార్చుకొని వచ్చింది. అన్నం పెట్టింది. పులుసు బాగుందని చెప్పాను. మళ్లీ ఎన్నడూ ఆ ఊసు ఎత్తలేదు. నాకు మరుసటి రోజుకే గుర్తు లేదు.

గుర్తు లేకుండా నలభై ఏళ్లకు పైన బతికాను. ఆ ఏళ్లలో రూతు సందులో అందరికీ పుండ్లు కడిగి కట్టు కట్టింది, జ్వరం వచ్చినవాళ్ల నుదుటి మీద తడిగుడ్డ వేసింది, కాన్పులకు మంత్రసాని పక్కన నిలబడింది. ఆస్పత్రి మందుల చీటీలు ఆమె చేతే చదివించుకునేవారు. నేను అరుగు మీద కూర్చొని, వచ్చినవాళ్లతో "మా ఇంటి నర్సమ్మ లోపలుండాది, పోండి" అని వేళాకోళం చేసేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్లు. రూతు నవ్వేది కాదు. ఆమెకు హాస్యం పట్టదనుకునేవాణ్ణి.

నాకు అరవై దగ్గర పడుతున్నప్పుడు గుడిలో నన్ను సంఘపెద్దగా పెట్టారు. ఒక ఆదివారం పాస్టరు అయ్యగారు, "దానియేలన్నా, ఈ రోజు వాక్యం మీరు చదవండి" అన్నాడు. లేచి నిలబడ్డాను. "అద్దాలు ఇంట్లో మరిచిపోయినానయ్యగారూ" అన్నాను. అద్దాలు రూతు సంచిలో ఉన్నాయి. ఆమెకు తెలుసు. సంచి మూతి గట్టిగా పట్టుకొని లేచి, "నేను చదువుతాను" అని చదివింది. మర్నాడు నేను పనికి బయల్దేరుతుంటే గడప మీద పలక, బలపం పెట్టి ఉన్నాయి.

"ఏందిది?"

"కూర్చో."

కూర్చున్నాను. రోజూ పొద్దున అరగంట. కొట్టకుండా నేర్పింది గానీ తిట్లు మాత్రం దండిగా. "రెంచీ పట్టుకున్నట్టు పట్టుకుంటే బలపం ఇరిగిపోదా? అది నట్టు కాదయ్యా, అక్షరం." ఆమె గుండ్రంగా రాసేది. నాకు వచ్చిన అక్షరాలు ఆమె అక్షరాలే. ఇంకొకరి చేతిరాత నేను ఇప్పటికీ తడుముకొని చదువుతాను. ఆమెది మాత్రం చూడగానే వస్తుంది.

ఒక రోజు, నేను గుణింతం దిద్దుతుంటే, ఉన్నట్టుండి అడిగింది. "అయితే, నేను రాసిచ్చిన చీటీలన్నీ?"

"శెట్టి చదివేవాడు."

"అన్నీనా?"

"అన్నీ," అన్నాను, తల ఎత్తకుండా.

ఆమె పలక నా చేతిలోంచి తీసుకొని, కొంగుతో తుడిచి, మళ్లీ ఇచ్చింది. నేను రాసిన నాలుగు అక్షరాలూ పోయాయి. "తప్పు రాసినానా?" అంటే, "లేదు, మొదటి నుంచి రాయి" అంది. ఆ రోజు ఎందుకు తుడిచిందో నాకు అర్థం కాలేదు. ఈ శనివారం అర్థమైంది. నేను తెలిసి వద్దనలేదని, అసలు చదవనే లేదని ఆమెకు ఆ నిమిషంలో తెలిసి ఉండాలి. చెప్పవచ్చు. తిట్టవచ్చు. చెప్తే నేను తట్టుకోలేననుకుందో, చెప్పి ఏం లాభమనుకుందో. అడగడానికి లేదు.

పట్టీ మీద రాత ఇది. లక్క కింద పెన్సిల్ చెక్కు చెదరలేదు. తర్వాత ఎవరో కార్కు మార్చారు గానీ, నల్లగా గట్టిపడిన అట్ట వాళ్లకు రేకులో భాగంలాగే కనిపించి ఉంటుంది. పై పట్టీ: "ఏమయ్యా, నెల్లూరు ఆస్పత్రి పెద్ద నర్సమ్మ మన గుడికి వచ్చింది. నర్సు ట్రైనింగుకు పెళ్లయినవాళ్లను కూడా తీసుకుంటారంట. నా పేరు రాసుకుంటానంది." మధ్య పట్టీ లేదు, నర్సమ్మ ఏ బస్సుకు తిరిగి పోతుందో అందులో ఉండి ఉంటుంది. కింది పట్టీ: "ఎదురుగా అడిగితే మొహమాటపడతావని రాస్తున్నా. ఇష్టమైతే మూడు గంటల బస్సు లోపల ఒకసారి ఇంటికి రా. రాకపోతే నీకు ఇష్టం లేదనుకుంటా." దాని తర్వాత పేరు ఉండాలి. అక్కడ నా కత్తెర పడింది.

"ఏంది మామా, అట్టా నిలబడిపోయినావు? ఏం రాసుండాది?" అన్నాడు బాబు.

"మీ అత్త నన్ను ఇంటికి రమ్మనింది," అన్నాను.

వాడు నా ముఖం చూసి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ పక్కకు జరిగాడు. సుజాతమ్మ గారు వచ్చి కళ్లజోడు సర్దుకొని వంగి చదివింది. చదివి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మా నాయన బండిలోనా మేస్త్రీ? ఇన్నాళ్లూ నేను దీంట్లో కూర్చొనే పోయినానా?"

లక్క స్పిరిటుకు కరుగుతుంది. బాబు మందుల షాపు నుంచి సీసా తెచ్చాడు. దూది ముంచి కొంచెం కొంచెంగా అద్దుతూ, బ్లేడుతో రెండు పట్టీలూ చిరగకుండా లేపాను. రెండు గంటలు పట్టింది. షెడ్డంతా స్పిరిటు వాసన, ఆస్పత్రి వార్డులోలాగా. టీ తెచ్చిన శేషమ్మ "ఎవురికి దెబ్బ తగిలింది?" అని అడిగింది. ఎవరికీ కాదన్నాడు మస్తాన్.

తర్వాత పని చేశాం, ఆ బుధవారం చేయాల్సినట్టు. కవరును చదును దిమ్మె మీద బోర్లించి అంచంతా చిన్న సుత్తితో తట్టి సరిచేశాను. ఇంజను గాలి వదిలే గొట్టం విప్పించాను. మట్టి పురుగు గూడు కట్టి పూర్తిగా మూసుకుపోయి ఉంది. లోపలి గాలికి దారి లేకపోతే అది ఆయిలును ఎక్కడ సందు ఉంటే అక్కడి నుంచి తోస్తుంది. ఆ రోజు కూడా ఈ గొట్టం సగం పూడే ఉండి ఉంటుంది, నేను చూడలేదు. మూతకు మెత్త వేసి, కారడం లేదు కదా అని మురిసిపోయాను. కొత్త కార్కుకు పైవైపు మాత్రమే లక్క పూసి, కిందివైపు గ్రీజు రాసి, నట్లు వేలితో తిప్పి, ఆ పైన సగం చుట్టు. అంతే. అరగంట తిరిగినా చుక్క లేదు. బాబు చేత మూడు సార్లు తుడిపించి చూపించాను. బండి బాగైంది. బాగవాల్సినప్పుడు మాత్రం కాలేదు.

ఇప్పుడు పిల్లలు ఫోనులో మాట నింపి పంపుతారు. చదవను రాకపోయినా వినొచ్చు. మంచిదే. కానీ నా తప్పు చదువు రాకపోవడం కాదు, అది నాకిప్పుడు తెలుసు. "నాకు రాదు, చదివి చెప్పు" అని ఒక్క మాట చెంచమ్మతో కాకపోతే శెట్టితో, శెట్టితో కాకపోతే రూతుతో అని ఉంటే చాలు. చదివి ఉంటే పంపేవాణ్ణా? నిజం చెప్పాలంటే, చెప్పలేను. అప్పటి నన్ను నేనెరుగుదును. వద్దనే వాణ్ణేమో. అన్నా, అది విని అన్న మాట అయ్యేది. ఆమె పోట్లాడేది. పోట్లాటలో ఎప్పుడూ ఆమెదే గెలుపు.

కాగితం రాస్తే చివర సాక్షుల పేర్లు రాయాలంటారు. శనివారం షెడ్డులో ఉన్నవాళ్లు వాకాడు సుజాతమ్మ గారు, లారీ మస్తాన్, నా అల్లుడు బాబు, టీ తెచ్చిన శేషమ్మ, దానియేలు అనే నేను. ఆ బుధవారం షెడ్డులో ఉన్నవాళ్లు పెద్దరెడ్డి గారు, పాలు పోసే చెంచమ్మ, నేను. ఇంట్లో, మూడు గంటల దాకా, రూతు ఒక్కతే.